చీకటి పొరలో మెత్తని వెలుగు వలయం: పైగేమ్‌లో ఒక్కొక్క పిక్సెల్ పారదర్శకతను అదుపు చేయడం ఎలా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకొని జవాబులోకి వెళతాను. మీరు పైగేమ్‌లో (పైథాన్ భాషలో ఆటలు రాయడానికి వాడే లైబ్రరీ), పైనుంచి చూసే నేలమాళిగ ఆట ఒకటి రాస్తున్నారు. విండో 1280 × 720. తెర మొత్తం మీద నల్లని పొర పరచి, ఆటగాడి దివిటీ చుట్టూ మాత్రం అంచుల వైపు క్రమంగా చీకట్లో కలిసిపోయే వెలుగు వలయం కనిపించాలన్నది మీ కోరిక. 'సెట్ ఆల్ఫా' వాడితే పొర మొత్తం ఒకే మోతాదులో పలచబడింది. నడుమ పారదర్శకంగా ఉన్న వలయపు బొమ్మను ఆ పొర మీద బ్లిట్ చేస్తే (అంటే ఒక బొమ్మను మరొకదాని మీదికి గీస్తే) ఏ మార్పూ రాలేదు. చివరికి 'గెట్ యాట్', 'సెట్ యాట్'లతో ప్రతి పిక్సెల్‌నూ విడివిడిగా మారిస్తే కోరిన బొమ్మ వచ్చింది కానీ ఆట కదలడమే మానేసింది. వీటికి తోడు, చిన్నవిగా చేసిన స్ప్రైట్ల (ఆటలోని చిన్న బొమ్మల) చుట్టూ తెల్లని అంచు కనిపిస్తోందని కూడా రాశారు. ఈ చిక్కులు వేర్వేరుగా కనిపిస్తున్నా, పారదర్శకత ఎంతో చెప్పే ఆల్ఫా అంకె ఎక్కడ నిలవ ఉంటుంది, దాన్ని ఏ లెక్క మారుస్తుంది అన్న రెండు సంగతులు తేటపడితే అన్నీ కలిసే విడిపోతాయి.

పైగేమ్‌లో పారదర్శకత మూడు చోట్ల ఉండగలదు. మొదటిది సర్ఫేస్ (పైగేమ్ బొమ్మను ఉంచుకునే పలక) మొత్తానికీ వర్తించే ఒకే అంకె, అంటే మీరు వాడిన 'సెట్ ఆల్ఫా'. రెండవది 'సెట్ కలర్‌కీ', అంటే ఒక రంగును ఎంచి, సరిగ్గా ఆ రంగున్న పిక్సెళ్ళను మాత్రం గీయవద్దని చెప్పడం. ఇందులో ఉండటం, లేకపోవడం తప్ప మధ్యస్థితి లేదు కాబట్టి మెత్తని అంచులకు ఇది పనికిరాదు. మూడవది ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల పక్కనే 0 (పూర్తి పారదర్శకం) నుంచి 255 (పూర్తిగా కప్పేది) వరకు ఉండే నాలుగవ అంకె, అంటే ఆల్ఫా ఛానల్. మీకు కావలసింది ఈ మూడవదే. ఇది తనంతట తాను రాదు. సర్ఫేస్‌ను సృష్టించేటప్పుడే 'ఎస్‌ఆర్‌సీ ఆల్ఫా' జెండాను (ఫ్లాగ్, అంటే ఫలానా తీరు కావాలని చెప్పే గుర్తును) ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరు నాలుగు అంకెల రంగుతో నింపినా నాలుగవది నిశ్శబ్దంగా పోతుంది, ఏ లోపమూ చూపించదు. అలాగే ఫైలు నుంచి తెచ్చిన పీఎన్‌జీ బొమ్మ మీద 'కన్వర్ట్' పిలిస్తే ఆల్ఫా ఛానల్ రాలిపోతుంది. 'కన్వర్ట్ ఆల్ఫా' పిలిస్తే ఛానల్ నిలుస్తుంది, పైగా బ్లిట్‌కు అనువైన అమరికలోకి మారుతుంది. ఈ రెండింటినీ 'సెట్ మోడ్'తో తెరను ఏర్పాటు చేసిన తరువాతే పిలవాలి.

ఇక్కడ పాత పాఠాలు చదివేవారిని తికమకపెట్టే తేడా ఒకటుంది. పైగేమ్ 1.9 వరకు, పిక్సెల్ ఆల్ఫా ఉన్న సర్ఫేస్ మీద 'సెట్ ఆల్ఫా' పిలిచినా దాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు. 2020లో వచ్చిన పైగేమ్ 2, ఎస్‌డీఎల్ 2 అనే అడుగు లైబ్రరీ మీద నిలబడింది కాబట్టి, అప్పటి నుంచి రెండూ కలిసి పనిచేస్తాయి: పిక్సెల్ ఆల్ఫాను సర్ఫేస్ ఆల్ఫాతో గుణించి గీస్తుంది. అందువల్ల మొత్తం స్ప్రైట్‌ను మెల్లగా మాయం చేయడానికి ఇప్పుడు 'సెట్ ఆల్ఫా' చాలు. పొరలో ఒక భాగాన్ని మాత్రమే పలచబరచడానికి అది ఎన్నటికీ చాలదు.

ఇక మీ రెండవ ప్రయత్నం ఎందుకు విఫలమైందో చూద్దాం, ఎందుకంటే అసలు విషయం అంతా ఇందులోనే ఉంది. మామూలు బ్లిట్ చేసే లెక్క ఇది: ఆల్ఫాను 0 నుంచి 1 మధ్య సంఖ్యగా తీసుకుంటే,

ఫలితం = పై రంగు × ఆల్ఫా + కింది రంగు × (1 − ఆల్ఫా)

పై బొమ్మలో ఆల్ఫా 0 ఉన్నచోట మొదటి భాగం సున్నా అవుతుంది, కింది రంగు ఉన్నదున్నట్టు మిగులుతుంది. అంటే పూర్తి పారదర్శకమైన పిక్సెల్ "ఇక్కడ దేన్నీ ముట్టుకోవద్దు" అని చెబుతుందే తప్ప "ఇక్కడ రంధ్రం చేయి" అని చెప్పదు. మీరు నల్లని పొర మీద పారదర్శకమైన వలయాన్ని బ్లిట్ చేసినప్పుడు పైగేమ్ మీరు చెప్పినదే చేసింది, అంటే ఏమీ చేయలేదు. మీకు కావలసింది కింది పొర ఆల్ఫానే తగ్గించే లెక్క. అది మరొక రకం లెక్క.

ఈ తేడాను శాస్త్రంగా రాసి పెట్టినవారు కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు థామస్ పోర్టర్, టామ్ డఫ్. ఆల్ఫా ఛానల్ ఆలోచన అంతకు ముందే, 1970ల చివర, న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ చేతుల్లో పుట్టింది. పోర్టర్, డఫ్ 1984లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో ప్రచురించిన పత్రం రెండు బొమ్మలను కలపగల పద్ధతులన్నింటినీ వరుసగా లెక్కగట్టి చూపింది. మనం రోజూ వాడే బ్లిట్ ఆ వరుసలో ఒక్కటి మాత్రమే. మీకు అవసరమైనది దానికి పొరుగున ఉన్న మరొకటి: పైదాని ఆల్ఫా ఎంత ఉంటే కిందిదాని నుంచి అంత మేరకు చెరిపివేయడం. బ్రౌజర్ క్యాన్వాస్‌లో దీనికి 'డెస్టినేషన్ అవుట్' అన్న పేరుతో నేరుగా వీలుంది. పైగేమ్‌లో ఆ పేరుతో ఏదీ లేదు కానీ, బ్లిట్‌కు ఇచ్చే ప్రత్యేక జెండాలతో అదే ఫలితం రాబట్టవచ్చు.

ఆ జెండాల్లో మీ పనికి వచ్చేవి మూడు: 'బ్లెండ్ ఆర్‌జీబీఏ మల్ట్', 'బ్లెండ్ ఆర్‌జీబీఏ సబ్', 'బ్లెండ్ ఆర్‌జీబీఏ మిన్'. మొదటిది నాలుగు ఛానళ్ళనూ విడివిడిగా గుణించి 255తో భాగిస్తుంది. రెండవది కింది అంకె నుంచి పై అంకెను తీసివేస్తుంది. సున్నా కన్నా కిందికి పోనివ్వదు. మూడవది రెండింటిలో చిన్నదాన్ని ఉంచుతుంది. వీటి పేర్లలో 'ఆర్‌జీబీఏ' (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా) అని ఉండటం ముఖ్యం. 'ఏ' లేని 'బ్లెండ్ మల్ట్' వంటివి రంగులను మాత్రమే మార్చి ఆల్ఫా జోలికి పోవు, కాబట్టి వాటితో రంధ్రం పడదు.

పని నడిచే తీరు ఇలా ఉంటుంది. చీకటి పొరగా తెర కొలతలో 'ఎస్‌ఆర్‌సీ ఆల్ఫా' సర్ఫేస్ ఒకటి తీసుకోండి. ప్రతి ఫ్రేములో (తెరను తిరిగి గీసే ప్రతిసారీ) దాన్ని నలుపుతో, ఆల్ఫా 230 తో 'ఫిల్' చేయండి. జెండా ఇవ్వని 'ఫిల్' రంగులను కలపదు, నాలుగు అంకెలనూ నేరుగా రాసేస్తుంది, కాబట్టి పాత ఫ్రేములోని రంధ్రాలు తుడిచిపెట్టుకుపోతాయి. తరువాత, ముందే సిద్ధం చేసి ఉంచుకున్న వెలుగు ముసుగును ఆటగాడి స్థానంలో 'మల్ట్' జెండాతో చీకటి పొర మీదికి బ్లిట్ చేయండి. ఆ ముసుగులో రంగు అంతటా తెలుపు, ఆల్ఫా నడుమ 0, అంచుల్లో 255 ఉండాలి. నడుమ 230ని సున్నాతో గుణించడం వల్ల చీకటి పూర్తిగా తొలగుతుంది. అంచున 255తో గుణించి 255తో భాగించడం వల్ల 230 అలాగే ఉంటుంది. ముసుగులో 128 ఉన్నచోట సుమారు 115 మిగులుతుంది. ఆ తరువాత చీకటి పొరను ఏ జెండా లేకుండా మామూలుగా తెర మీదికి బ్లిట్ చేస్తే మీరు కోరిన దృశ్యం వస్తుంది.

ముసుగు రంగు విషయంలో చాలామంది తడబడతారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. 'మల్ట్'తో గాని 'మిన్'తో గాని వాడే ముసుగులో రంగు తెల్లగా, అంటే మూడు అంకెలూ 255గా ఉండాలి; అప్పుడే కింది పొర రంగు చెక్కుచెదరదు. 'సబ్'తో వాడేదానిలో మాత్రం రంగు నల్లగా, మూడూ సున్నాగా ఉండాలి, ఆల్ఫా నడుమ ఎక్కువగా, అంచున సున్నాగా ఉండాలి. మీ చీకటి కటిక నలుపు అయినంత కాలం ముసుగు రంగులో చేసిన తప్పు 'సబ్'లో బయటపడదు, ఎందుకంటే సున్నా నుంచి ఏది తీసివేసినా సున్నాయే. రేపు మీరు రాత్రికి ముదురు నీలం ఛాయ ఇవ్వాలనుకున్న రోజున, తెల్ల ముసుగుతో 'సబ్' వాడితే వలయం పరిధిలో నీలమంతా ఎగిరిపోయి చతురస్రాకారపు నల్ల మచ్చ కనిపిస్తుంది.

మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది వెలుగులు ఒకదాని మీద ఒకటి పడినప్పుడే తేలుతుంది. రెండు దివిటీల వలయాలు కలిసేచోట ఒక్కొక్కటి సగం చీకటిని తీసేదైతే, 'మల్ట్'లో 230 మొదట 115కు, తరువాత 58 దగ్గరకు దిగుతుంది. రెండు వెలుగులూ సహజంగా కలిసినట్టు ఉంటుంది. 'సబ్'లో 230 నుంచి 127 పోయి 103 మిగిలి, రెండవ దెబ్బకు సున్నా అయి, నడుమ పూర్తి వెలుగు మచ్చ ఏర్పడుతుంది. దాని అంచు గట్టిగా కనిపిస్తుంది. 'మిన్'లో ఎన్ని దివిటీలు పెట్టినా ఆ చోట 128 వద్దే ఆగుతుంది, అంటే వెలుగులు ఒకదాన్నొకటి బలపరచవు. ఆటగాడు చూసిన మేర మాత్రమే పటంలో తెరుచుకునే ఆటలకు 'మిన్' చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రెండుసార్లు చూసినంత మాత్రాన ఎక్కువ కనిపించకూడదు. దివిటీ వెలుగుకు నేను 'మల్ట్'నే సిఫారసు చేస్తాను.

ముసుగును తయారు చేయడానికి రెండు దారులున్నాయి. నమ్‌పై (పైథాన్‌లో అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ) లేకుండా చేయాలంటే, పైగేమ్ 'డ్రా' మాడ్యూల్‌కున్న ఒక స్వభావాన్ని వాడుకోవచ్చు. 'డ్రా సర్కిల్' వంటివి రంగులను కలపవు. పిక్సెల్ ఆల్ఫా ఉన్న సర్ఫేస్ మీద అవి ఆల్ఫా అంకెను నేరుగా రాసేస్తాయి. (తెర మీద సగం పారదర్శకమైన వృత్తం గీయబోతే అది ముద్దగా వచ్చిందని చాలామంది అడిగే ప్రశ్నకు కారణం కూడా ఇదే. ముందు వేరే సర్ఫేస్ మీద గీసి, దాన్ని బ్లిట్ చేయడమే అక్కడ మార్గం.) కాబట్టి ముసుగును మొదట తెలుపు, ఆల్ఫా 255తో నింపి, పెద్ద వ్యాసార్ధంతో మొదలుపెట్టి ఒక్కొక్క పిక్సెల్ తగ్గిస్తూ, లోపలికి పోయే కొద్దీ ఆల్ఫాను తగ్గించి వృత్తాలు గీస్తూ పోతే, ప్రతి చిన్న వృత్తం తన కింద ఉన్నదాన్ని చెరిపి తన అంకెను రాస్తుంది. 200 వ్యాసార్ధానికి 200 వృత్తాలు. ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కసారి చేసే పని కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు.

రెండవ దారి నమ్‌పైది. 'సర్ఫ్‌అరే' మాడ్యూల్‌లోని 'పిక్సెల్స్ ఆల్ఫా' మీ సర్ఫేస్ ఆల్ఫా ఛానల్‌నే రెండు దిశల పట్టికగా చేతికిస్తుంది. అది నకలు కాదు, ఆ సర్ఫేస్ జ్ఞాపకమే. అందువల్ల పట్టికలో రాసినది సర్ఫేస్‌లోకి వెంటనే చేరుతుంది. ప్రతి పిక్సెల్‌కూ కేంద్రం నుంచి దూరాన్ని వ్యాసార్ధంతో భాగించి, 0 నుంచి 1 మధ్య వచ్చే ఆ సంఖ్యను 255తో గుణించి రాస్తే ముసుగు సిద్ధం. ఈ దారిలో గుర్తుంచుకోవలసినవి మూడున్నాయి. పట్టికలో మొదటి సూచిక అడ్డం, రెండవది నిలువు. ఇతర బొమ్మల లైబ్రరీలకు అలవాటుపడినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. పట్టిక బతికి ఉన్నంతసేపు సర్ఫేస్‌కు తాళం పడి ఉంటుంది, కనుక దాన్ని 'డెల్'తో వదిలించుకున్నాకే బ్లిట్ చేయాలి. ఇక పట్టికలోని అంకెలు ఎనిమిది బిట్లవి కాబట్టి 200కు 100 కలిపితే 255 దగ్గర ఆగదు, చుట్టు తిరిగి 44 అవుతుంది. లెక్కంతా దశాంశ సంఖ్యల్లో చేసి, 'క్లిప్'తో 0 నుంచి 255 మధ్య బంధించి, చివర్లో మాత్రమే ఎనిమిది బిట్లకు మార్చండి.

దూరానికి అనులోమంగా ఆల్ఫాను పెంచితే వలయం ముగిసేచోట ఒక సన్నని గీత ఉన్నట్టు కన్ను పసిగడుతుంది. అంకెల వరుస ఎక్కడా తెగకపోయినా వాలులో హఠాత్తుగా మార్పు ఉంటే కన్ను దాన్ని అంచుగా చదువుతుంది. దూరపు నిష్పత్తిని 'త' అనుకుంటే, 'త'కు బదులు త × త × (3 − 2 × త) వాడండి. ఇది రెండు కొసల్లోనూ వాలును సున్నాకు తెస్తుంది, వెలుగు చీకట్లోకి జారినట్టు ఉంటుంది. ఈ ఒక్క మార్పు మీ ఆట రూపాన్ని ఎంత మారుస్తుందో చూశాక మీరు తిరిగి వెనక్కి వెళ్ళరని నా నమ్మకం.

వేగం సంగతికి వద్దాం. 1280 × 720 అంటే 9,21,600 పిక్సెళ్ళు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి, సెకనుకు 5.5 కోట్లకు పైగా పిక్సెళ్ళను ముట్టుకోవాలి. పైథాన్‌లో 'సెట్ యాట్' ఒక్కొక్క పిలుపుకూ రంగు వస్తువును విప్పడం, హద్దులు చూడటం, సర్ఫేస్‌కు తాళం వేసి తీయడం అన్నీ జరుగుతాయి. ఎంత వేగమైన యంత్రమైనా ఆ పనిని అన్ని కోట్ల సార్లు చేయలేదు. అదే పనిని జెండాతో బ్లిట్ చేస్తే లెక్కంతా సీ భాషలో రాసిన ఒక్క లూప్‌లో (అదే పనిని పదేపదే చేసే సూచనల వరుసలో) జరిగిపోతుంది. కాబట్టి ఫ్రేము ఫ్రేముకూ పైథాన్‌లో పిక్సెళ్ళ మీద తిరిగే లూప్ కనిపించిందంటే దాన్ని తీసివేసే దారి వెతకడమే మొదటి పని. దాని తరువాత, చీకటి పొరను ప్రతి ఫ్రేములో కొత్తగా సృష్టించకండి. అది ఒక్కటే 36,86,400 బైట్లు. ఒకసారి సృష్టించి, ప్రతిసారీ నింపుకుంటే సరిపోతుంది. అప్పటికీ నెమ్మదిగా ఉంటే పొరను 640 × 360లో నడిపి, చివర్లో తెర కొలతకు పెంచండి. నాలుగో వంతు పిక్సెళ్ళతో పని ముగుస్తుంది. వెలుగు వలయం ఎలాగూ మెత్తనిది కాబట్టి తక్కువ కొలత తేడా కంటికి ఆనదు.

రంగు రంగుల వెలుగులు మీ ఆలోచనలో ఉంటే మాత్రం ఆల్ఫాను పక్కన పెట్టమంటాను. ఆల్ఫా లేని సర్ఫేస్‌ను మసక వెలుగు రంగుతో, ఉదాహరణకు ముదురు నీలంతో నింపి, దాని మీద నారింజ దివిటీలను, పచ్చని మంత్రపు వెలుగులను 'బ్లెండ్ ఆర్‌జీబీ యాడ్'తో కూడి, ఆ వెలుగు పటం మొత్తాన్ని 'బ్లెండ్ ఆర్‌జీబీ మల్ట్'తో తెర మీద గుణించండి. తెర మీది ప్రతి రంగూ తన మీద పడిన వెలుగును బట్టి మారుతుంది. వస్తువు మీద వెలుగు పడి తిరిగి వచ్చే తీరుకు ఈ లెక్క దగ్గరగా ఉంటుంది. చీకటి పొరలో రంధ్రం చేసే పద్ధతిలో వెలుగుకు రంగు ఇవ్వడం సాధ్యం కాదు, రంధ్రానికి రంగు ఉండదు.

ఇక స్ప్రైట్ల చుట్టూ ఉన్న తెల్లని అంచు. దీని మూలం మీ ఆటలో లేదు, ఫైలులో ఉంది. ఆల్ఫా 0 ఉన్న పిక్సెల్‌లో కూడా రంగు అంకెలు ఉంటాయి. అవి కనిపించవు కాబట్టి చాలా చిత్రలేఖన సాధనాలు అక్కడ తెలుపునో నలుపునో రాసి వదిలేస్తాయి. బొమ్మను ఉన్న కొలతలోనే గీసినంత కాలం అవి బయటపడవు. 'స్మూత్‌స్కేల్'తో చిన్నది చేసినప్పుడు పక్కపక్క పిక్సెళ్ళ సగటు తీస్తారు. ఆ సగటు ప్రతి ఛానల్‌కూ విడిగా జరుగుతుంది. అచ్చమైన ఎరుపు పిక్సెల్ (255, 0, 0, 255) పక్కన కనిపించని తెలుపు (255, 255, 255, 0) ఉందనుకోండి. సగటు (255, 128, 128, 128) అవుతుంది, అంటే సగం పారదర్శకమైన గులాబీ రంగు. అక్కడ ఉండవలసింది సగం పారదర్శకమైన ఎరుపు. కనిపించని పిక్సెల్‌లోని తెలుపు ఈ విధంగా కనిపించే అంచులోకి చొరబడింది. కలర్‌కీ వాడే బొమ్మలను మెత్తగా చిన్నవి చేసినప్పుడు అంచుల్లో ఆ కీ రంగు మరకలు రావడానికి కూడా ఇదే కారణం. సరిగ్గా ఆ రంగు కాకుండా, దానికి దగ్గరి రంగు అయిపోయిన పిక్సెళ్ళను కలర్‌కీ గుర్తించలేదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, కనిపించని పిక్సెళ్ళలో దగ్గరి కనిపించే పిక్సెల్ రంగునే నింపడం. స్ప్రైట్ల పట్టీలు తయారు చేసే సాధనాల్లో ఇది ఉంటుంది. గొడో వంటి ఆటల ఇంజిన్లలో బొమ్మను దిగుమతి చేసేటప్పుడు 'ఫిక్స్ ఆల్ఫా బార్డర్' అన్న ఎంపికగా దొరుకుతుంది. గింప్ అనే చిత్రలేఖన సాధనం నుంచి పీఎన్‌జీగా ఎగుమతి చేస్తుంటే, పారదర్శక పిక్సెళ్ళ రంగు విలువలను భద్రపరచమనే గడిని గుర్తు పెట్టి ఉంచండి, లేకపోతే మీరు నింపిన రంగులు పోతాయి.

రెండవది మరింత లోతైనది, నాకు ఎక్కువ ఇష్టమైనది: రంగు అంకెలను ముందే ఆల్ఫాతో గుణించి ఉంచడం, అంటే ప్రీమల్టిప్లైడ్ ఆల్ఫా. పోర్టర్, డఫ్ తమ పత్రంలో ఎంచుకున్నది కూడా ఈ రూపాన్నే. ఇందులో కనిపించని పిక్సెల్ ఏ రంగుదైనా (0, 0, 0, 0) అయిపోతుంది. పై ఉదాహరణలో సగటు (128, 0, 0, 128) వస్తుంది. ఈ రూపంలో దాని అర్థం సరిగ్గా సగం పారదర్శకమైన ఎరుపు. గీసేటప్పుడు లెక్క కూడా తేలికపడుతుంది:

ఫలితం = పై రంగు + కింది రంగు × (1 − ఆల్ఫా)

ఆల్ఫా ఛానల్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. దీనివల్ల మరొక మేలుంది. మూడు పొరలను కలపాలంటే పై రెండింటిని ముందు కలిపి ఆ తరువాత కిందిదాని మీద పెట్టినా, కింది నుంచి ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చినా ఒకే ఫలితం వస్తుంది. గుణించని ఆల్ఫాలో అలా రావాలంటే ప్రతి మెట్టులో వచ్చిన రంగును ఫలితపు ఆల్ఫాతో భాగించాలి. వేగం కోసం చాలా లైబ్రరీలు ఆ భాగహారం చేయవు. సగం పారదర్శకమైన పొగను సగం పారదర్శకమైన తాత్కాలిక సర్ఫేస్ మీద గీసి, దాన్ని మళ్ళీ తెర మీద గీసినప్పుడు రంగు మారినట్టు అనిపిస్తే కారణం ఇదే.

ఇంకొక అందమైన సౌకర్యం కూడా ఈ రూపంలోనే ఉంది. రంగు ఉండి ఆల్ఫా మాత్రం సున్నా ఉన్న పిక్సెల్‌కు గుణించని రూపంలో అర్థం లేదు. ముందే గుణించిన రూపంలో అది కిందిదాన్ని కప్పకుండా తన వెలుగును మాత్రం కలుపుతుంది. అంటే నిప్పురవ్వలు, వాటి నుంచి లేచే పొగ ఒకే బొమ్మలో, ఒకే విధంగా గీసే పద్ధతితో సాధ్యమవుతాయి: రవ్వకు ఆల్ఫా సున్నాగా ఉంచి, చల్లారే కొద్దీ ఆల్ఫాను పెంచుకుంటూ పోతే అది పొగగా మారుతుంది.

ఈ పద్ధతికి మారేటప్పుడు పాటించవలసినవి ఇవి. పీఎన్‌జీ ప్రమాణం ప్రకారం ఫైలులో గుణించని రంగులే ఉండాలి. కాబట్టి గుణకారాన్ని ఫైలును తెరిచిన వెంటనే చేయండి, గుణించినదాన్ని మళ్ళీ ఫైలులో దాచకండి. ఎనిమిది బిట్లలో ఆల్ఫా చిన్నదైనప్పుడు రంగు సూక్ష్మత పోతుంది, దాన్ని వెనక్కి తేలేరు. గీసేటప్పుడు పైగేమ్‌కు 'బ్లెండ్ ప్రీమల్టిప్లైడ్' జెండాను ఇవ్వండి. ఇవ్వడం మరిస్తే రంగు రెండుసార్లు ఆల్ఫాతో గుణింపబడి అంచులు నల్లబడతాయి. స్ప్రైట్‌ను మెల్లగా మాయం చేయాలంటే ఆల్ఫాను మాత్రమే కాదు, నాలుగు ఛానళ్ళనూ ఒకే అంకెతో గుణించాలి; 'ఫిల్'కు (128, 128, 128, 128) ఇచ్చి 'ఆర్‌జీబీఏ మల్ట్' జెండా పెడితే సగానికి తగ్గుతుంది. గుణించని రూపంలోనైతే అదే పనికి (255, 255, 255, 128) ఇవ్వాలి. ఏ రూపంలోనైనా ఈ పనిని అసలు బొమ్మ మీద కాక నకలు మీద చేయండి, లేకపోతే ప్రతి ఫ్రేములో సగంలో సగం అవుతూ కొద్ది క్షణాల్లో స్ప్రైట్ శాశ్వతంగా పోతుంది.

ఆ చివరి మాటకు సంబంధించి, కత్తి వేటు వెనుక తోకలాంటి జాడ విడవడానికి మీరు పొరను ప్రతి ఫ్రేములో కొద్దికొద్దిగా మసకబారుస్తున్నారని మీ ప్రశ్న చివర రాశారు, ఆ జాడ ఎప్పటికీ పూర్తిగా పోవడం లేదని కూడా. అది ఎనిమిది బిట్ల పరిమితి. అంకె 10 ఉన్నచోట దాన్ని 245తో గుణించి 255తో భాగిస్తే 9.6 వస్తుంది. దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే మళ్ళీ 10. ఎన్ని ఫ్రేములు గడిచినా అది అక్కడే ఉండిపోతుంది. జాడల పొరకు గుణకారం బదులు తీసివేత వాడండి: 'ఫిల్'కు (0, 0, 0, 4) ఇచ్చి 'ఆర్‌జీబీఏ సబ్' జెండా పెడితే ఆల్ఫా ప్రతి ఫ్రేముకూ నాలుగు చొప్పున దిగి, 255 ఉన్నది 64 ఫ్రేముల్లో, అంటే సెకనుకు కాస్త పైన, ఖచ్చితంగా సున్నాకు చేరుతుంది.

మున్ముందు మీరు ఈ ఆటను ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో గీయించే పద్ధతి) మీదికి తీసుకువెళ్ళాలనుకుంటున్నారు కనుక ఒక జాగ్రత్త. మామూలుగా రాసే 'సోర్స్ ఆల్ఫా', 'వన్ మైనస్ సోర్స్ ఆల్ఫా' గుణకాల జంట రంగులకు సరైనదే కానీ, ఆల్ఫా ఛానల్‌కు కూడా అదే వర్తించి ఆల్ఫాను దానితోనే గుణిస్తుంది. ఖాళీగా ఉన్న తాత్కాలిక టెక్స్చర్ (ఓపెన్‌జీఎల్‌లో బొమ్మను ఉంచుకునే పలక) మీద 0.5 ఆల్ఫాతో గీస్తే అక్కడ 0.5 బదులు 0.25 మిగులుతుంది. నేరుగా తెర మీద గీసినప్పుడు తెర ఆల్ఫాను ఎవరూ చదవరు కాబట్టి ఇది కనిపించదు. చీకటి పొర వంటి మధ్య పొరలోకి గీసిన రోజున మాత్రం లెక్క తప్పుతుంది. రంగుకు, ఆల్ఫాకు వేర్వేరు గుణకాలు ఇచ్చే 'బ్లెండ్ ఫంక్ సెపరేట్' పిలుపుతో దీన్ని సరిదిద్దవచ్చు. ముందే గుణించిన రూపంలో ఉంటే 'వన్', 'వన్ మైనస్ సోర్స్ ఆల్ఫా' అన్న జంట నాలుగు ఛానళ్ళకూ సరిగ్గా సరిపోతుంది.

మీరు ఇప్పుడు చేయవలసిన మార్పుల వరుసలో మొదటిది చీకటి పొరను 'ఎస్‌ఆర్‌సీ ఆల్ఫా'తో సృష్టించడం, రెండవది తెల్ల ముసుగును 'మల్ట్'తో బ్లిట్ చేయడం. అది కుదిరాక స్ప్రైట్ల అంచుల పని పట్టండి. మధ్యలో ఎక్కడైనా ఫలితం అనుకున్నట్టు రాకపోతే, తెర వంక చూసి ఊహించడం కన్నా, చీకటి పొరలో వలయం నడుమ ఒక బిందువు, అంచున ఒకటి, బయట ఒకటి 'గెట్ యాట్'తో చదివి నాలుగు అంకెలనూ ముద్రించి చూడండి. నడుమ ఆల్ఫా 230 గానే ఉంటే ముసుగు బ్లిట్‌కు జెండా అందలేదు. ముసుగును కూడా అలాగే చదివినప్పుడు అన్నిచోట్లా 255 వస్తే దాన్ని సృష్టించినచోట 'ఎస్‌ఆర్‌సీ ఆల్ఫా' లేదు. అంకెలన్నీ సరిగ్గా ఉండి తెర మాత్రమే తప్పుగా ఉంటే, తెర మీదికి చేసే చివరి బ్లిట్‌లో అవసరం లేని జెండా మిగిలిపోయి ఉంటుంది.